టర్బో మార్చేయమన్నాడా? కాస్త ఆగండి!

పదేళ్లు దాటిన డీజిలు పికప్‌కి ఏ రోగం వచ్చినా మన షెడ్లలో చదివే మంత్రం ఒకటే: "టర్బో పోయింది సార్". నల్లపొగ వస్తే టర్బో పోయింది. లోడుతో ఫ్లైఓవర్ ఎక్కకపోతే టర్బో పోయింది. ఈల వేస్తే టర్బో పోయింది. ఆయిలు తాగుతోందంటే ఇంక చెప్పేదేముంది, గ్యారంటీగా టర్బోనే. బానెట్ ఎత్తి అర నిమిషం కాకముందే తీర్పు, దాని వెనకే ఎస్టిమేటు. ఓనరు అక్కణ్ణుంచి నేరుగా అప్పు కోసం బయల్దేరతాడు.

దీని మీద నాకు చాన్నాళ్లుగా ఒళ్లు మంట. ఈ రోజు కక్కేస్తున్నాను, భరించండి. నేను చెప్పేది రెండు ముక్కలు. ఒకటి, టర్బో దానంతటది పోవడం అరుదు, చాలాసార్లు ఇంకేదో పాడై దాన్ని చంపుతుంది. ఆ ఇంకేదో ఏంటో వెతక్కుండా కొత్త టర్బో బిగించడమంటే, దాన్ని కూడా అదే హంతకుడి చేతికి అప్పజెప్పడమే. రెండు, ఇందులో మెకానిక్ తప్పెంతో మన తప్పూ అంతే. వెతికే పనికి మనం పైసా ఇవ్వం. సామాను అమ్మితేనే ఇస్తాం. అంచేత వాడు సామానే అమ్ముతాడు.

సాఫ్ట్‌వేర్ వాడికి ఈ గొడవంతా ఎందుకంటారా? నేను చదివింది మెకానికల్, చేసేది జావా. మన రాష్ట్రంలో ఇదేమీ వింత కాదు కదా :) పైగా మాది నెల్లూరు జిల్లా, మైపాడు వైపు, సముద్రం ఒడ్డు. మా వైపు పికప్ అంటే సరదా బండి కాదు. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు, ముత్తుకూరు, ఎటు చూసినా రొయ్యల గుంటలే. 2009లో వనామి రొయ్యకి మన దేశంలో అనుమతి వచ్చాక ఈ వ్యాపారం ఇంకా పెరిగింది. పట్టుబడి రోజున రాత్రి వల లాగి, తెల్లారేలోపు ఐసులో సర్ది ప్లాంటుకి చేర్చాలి. దారిలో పికప్ మొరాయిస్తే ఐసు కరుగుతుంది, సరుకు మెత్తబడుతుంది, రేటు తెగ్గోస్తారు. రైతుకి ఒక పంట మీద వచ్చే లాభం ఆ ఒక్క రాత్రిలో నీళ్లపాలు. కిరాయి బండి వాడిని మళ్లీ ఎవడూ పిలవడు. కాబట్టి ఇక్కడ "టర్బో పోయింది" అన్న మాటకి ఒక కుటుంబం ఆర్నెల్ల సంపాదన ఖరీదు ఉంటుంది.

ముందు ఆ టర్బో ఏం చేస్తుందో తెలియాలి. ఇంజన్‌కి గాలి ఎంత ఎక్కువ ఎక్కిస్తే అంత ఎక్కువ డీజిలు శుభ్రంగా మండుతుంది. గాలిని బలవంతంగా కుక్కే యంత్రాన్ని సూపర్‌చార్జర్ అంటారు. దాన్ని ఇంజన్ బెల్టుతో తిప్పడం ఒక పద్ధతి. సైలెన్సర్ వైపు పోయే వేడి పొగతోనే తిప్పడం రెండోది. ఈ రెండోదాన్ని 1905లో ఆల్‌ఫ్రెడ్ బూషీ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు పేటెంట్ చేయించాడు. దాని పాత పేరు టర్బో సూపర్‌చార్జర్, వాడుకలో కురచబడి టర్బో అయింది. మన డీజిలు పికప్‌లలో ఉండేది ఇదే.

ఒక ఇరుసు, దానికి ఒక చివర పొగ తిప్పే చక్రం, రెండో చివర గాలి తోసే చక్రం. అంతే సామాను. కానీ ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. ఒక పక్క ఆరేడు వందల డిగ్రీల వేడి. అంత వేగంలో దాన్ని మోసేది చాలా బళ్లలో బాల్ బేరింగు కూడా కాదు, ఇంజన్ నుంచి సన్నటి పైపులో వచ్చే ఆయిలు పొర. వెంట్రుక కన్నా సన్నం. ఆ పొర కొన్ని సెకన్లు తెగిందంటే కథ ముగిసినట్టే. ఇప్పుడు చెప్పండి, ఆయిలు పైపు మూసుకుపోయి టర్బో చస్తే తప్పు టర్బోదా?

దీనికి మా సముద్రపు గాలి తోడు. ఉప్పు గాలికి ఇంటర్‌కూలర్ రెక్కలు తినేస్తాయి, హోస్ క్లిప్పులు తుప్పు పడతాయి, వేస్ట్‌గేట్ తెరిచే కడ్డీ బిగుసుకుపోతుంది. రొయ్యల ట్రేల్లోంచి కారే ఉప్పునీళ్లు ఛాసిస్ మీదే. గుంటల గట్ల మీద దుమ్ము ఎయిర్ ఫిల్టర్ నిండా. ఇక మా డ్రైవర్ల అలవాటు ఒకటుంది, బండి ఆపే ముందు ఓసారి గట్టిగా రేసు చేసి తాళం తిప్పేయడం. అలా చేస్తే ఇంజన్ ఆగుతుంది, ఆయిలు ఆగుతుంది, టర్బో మాత్రం పొడిగా తిరుగుతూనే ఉంటుంది. లోపల మిగిలిన ఆయిలు ఆ వేడికి మాడి బొగ్గవుతుంది. లోడుతో వచ్చిన బండిని ఒకటి రెండు నిమిషాలు ఊరికే స్లోలో ఉంచి ఆపితే చాలు. ఖర్చు సున్నా.

ఇప్పుడు మా బావ పికప్ సంగతి. 2012 మోడలు (కంపెనీ పేరు ఎందుకులెండి). 2023 మార్చిలో టర్బో పోయిందని నెల్లూరులో ఒక పెద్ద షెడ్డులో మార్చారు. నవంబరులో మళ్లీ పోయింది, మళ్లీ మార్చారు. "డూప్లికేట్ సామాను వచ్చింది, ఈసారి ఒరిజినల్ వేశాం" అన్నారు. 2024 ఏప్రిల్‌లో మూడోసారి అదే పాట, ఈసారి 38 వేలు. పాత టర్బోలు ఏవయ్యా అంటే "కంపెనీకి పంపేశాం". ఎందుకు పోయిందయ్యా అంటే "పాత బండి కదా సార్". పాత బండి అనేది ఒక కారణమా? మన ఆఫీసులో ప్రొడక్షన్ సర్వర్ మూడోసారి పడిపోయినప్పుడు "పాత సర్వర్ కదా" అని రిపోర్ట్ రాస్తే క్లయింట్ ఊరుకుంటాడా?

చివరికి ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. అందరూ భాయ్ అనే పిలుస్తారు. ఆయన బండి చూడకముందే బేరం పెట్టాడు. "వెతికేదానికి పదిహేను వందలు అవుద్ది సామీ. దొరికినా దొరక్కపోయినా ఇయ్యాల." మా బావకి కోపమొచ్చింది. "ఏంది భాయ్, చూసేదానికి కూడా డబ్బులా?" నేను పక్కన నిలబడి ఇచ్చెయ్ బావా అన్నాను, ఇచ్చాడు.

భాయ్ చేసిన మొదటి పని టర్బోకి ఆయిలు తెచ్చే పైపు విప్పి దాని చివర ఒక ప్లాస్టిక్ కప్పు పెట్టడం. స్టార్ట్ కాకుండా డీజిలు ఆపించి సెల్ఫ్ కొట్టించాడు. ధారగా రావాల్సిన ఆయిలు చుక్కలు చుక్కలుగా పడింది. పైపుని కోసి చూపించాడు. పన్నెండేళ్ల బొగ్గు, లోపల సగానికి పైగా పూడిపోయింది. రెండు టర్బోలు మింగిన హంతకుడు అదిగో, అరచేతిలో పట్టేంత గొట్టం. కొత్త పైపు ఖరీదు వెయ్యి రూపాయల లోపు. రెండుసార్లు టర్బో విప్పి బిగించిన వాళ్లు ఆ పైపుని రెండుసార్లూ విప్పి, తుడిచి, మళ్లీ అదే బిగించారు!

సరే, భాయ్ దగ్గర నేను నేర్చుకున్నదీ, చదివి సరిచూసుకున్నదీ కలిపి ఒక వరస రాస్తున్నాను. సూత్రం మనకి తెలిసిందే, చవకైనది ముందు, ఖరీదైనది చివర.

1. పొగ రంగు చూడండి. నల్లపొగ అంటే డీజిలుకి సరిపడా గాలి లేదు. నీలంపొగ అంటే ఆయిలు మండుతోంది, అది టర్బో నుంచి రావచ్చు, ఇంజన్ రింగుల నుంచీ రావచ్చు. కొత్త కామన్ రైల్ బళ్లలో గాలి తగ్గితే కంప్యూటరే డీజిలు తగ్గించేస్తుంది, కాబట్టి పొగ లేకుండా బండి నీరసపడొచ్చు.

2. ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. నవ్వకండి, సగం కేసులు ఇక్కడే తేలకపోయినా, ఇక్కడ చూడకుండా ముందుకు పోవడం నేరం.

3. టర్బో నుంచి ఇంజన్ దాకా హోసులు, క్లిప్పులు, ఇంటర్‌కూలర్. ఇంజన్ ఆపి, గాలి లోపలికొచ్చే మూతి మూసి, ఒక బార్ లోపు ప్రెషర్ పెట్టి సబ్బు నురగ రాయండి. పంక్చర్ షాపు వాడి విద్యే. ఎక్కడ బుడగలొస్తే అక్కడ లీకు. క్లిప్పు కింద దాక్కున్న చీలిక కంటికి కనపడదు, లోడు మీద మాత్రమే తెరుచుకుంటుంది.

4. వేస్ట్‌గేట్ కడ్డీ కదులుతోందా? మా తీరంలో ఇది తుప్పుతో బిగుసుకోవడం మామూలు. తెరిచి బిగుసుకుంటే బూస్ట్ ఉండదు, మూసి బిగుసుకుంటే బూస్ట్ మితిమీరుతుంది.

5. ఈజీఆర్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయిందా? మసి పట్టి ఇలా అయితే పొగ, నీరసం రెండూ వస్తాయి. అచ్చం టర్బో రోగంలాగే ఉంటుంది. సైలెన్సర్ వైపు అడ్డం పడ్డా అంతే.

6. ఆయిలు కారుతోందంటే ముందు టర్బో కింది నుంచి ఇంజన్‌కి తిరిగిపోయే డ్రెయిన్ పైపు చూడండి. టర్బో లోపల ఉండేది రబ్బరు సీలు కాదు, పిస్టన్ రింగు లాంటి రింగు. కింద దారి మూసుకుపోయినా, ఇంజన్ క్రాంక్‌కేసులో ప్రెషర్ పెరిగినా ఆయిలు వెనక్కి తన్ని ఆ రింగు దాటి వచ్చేస్తుంది. అప్పుడు కొత్త టర్బో వేసినా కారుతుంది, దాని తర్వాతది వేసినా కారుతుంది.

7. ఇవన్నీ అయ్యాకే టర్బో మూతి విప్పి ఇరుసు పట్టుకుని చూడాలి. పక్కలకి కొద్దిగా ప్లే ఉండటం సహజం, ఆయిలు పొర కోసం వదిలిన జాగా అది. ఆ ప్లే చూపించి "చూడండి సార్, ఊగుతోంది" అని భయపెట్టేవాళ్లున్నారు, నమ్మకండి. ముందుకీ వెనక్కీ చేతికి తెలిసేలా కదిలితే, రెక్కలు గోడకి రాసుకున్న గుర్తులుంటే అప్పుడు నిజంగా పోయినట్టు.

నిజంగా పోయినా మొత్తం టర్బో మార్చక్కర్లేని సందర్భాలు చాలా ఉన్నాయి. మధ్యలో ఇరుసు, చక్రాలు, బేరింగులు ఉండే భాగాన్ని కోర్ అంటారు. బయటి పెంకులు బాగుంటే కోర్ మాత్రమే మార్చొచ్చు. అయితే అది మెషీన్ మీద బ్యాలెన్స్ చేసిన కోర్ అయ్యుండాలి. బల్ల మీద కిట్ వేసి నట్టు బిగించి ఇచ్చేది లక్ష చుట్ల దగ్గర నిలబడదు. విప్పేముందు పెంకులు ఏ కోణంలో ఉన్నాయో గీత పెట్టుకోవాలి. ఆయిలు వచ్చే చోట సిలికాన్ పేస్టు పూయకూడదు, పూసినది ఊడి ఆ సన్నటి దారిలోనే ఇరుక్కుంటుంది. అక్కడ ప్యాకింగే వాడాలి. ఆయిలు, ఫిల్టరు, ఫీడ్ పైపు కొత్తవి వేయాలి. ఇంటర్‌కూలర్‌లో చేరిన పాత ఆయిలు, ఇనప ముక్కలు కడిగెయ్యాలి. ఆ ఆయిల్ని ఇంజన్ తాగేసిందంటే తాళం తీసినా ఆగకుండా పరుగు లంకించుకోగలదు. బిగించాక టర్బోలో ఆయిలు పోసి, డీజిలు ఆపి సెల్ఫ్ కొట్టి, ఆయిలు అందిందని తేలాకే స్టార్ట్ చేయాలి.

మా బావ బండికి భాయ్ ఇదే వరసలో చేశాడు. పైపు మార్చి కోర్ వేశాక కూడా లాగుడు పూర్తిగా రాలేదు. ఇంకొకడైతే ఈసారి ఇంజన్ మీద పడేవాడు. ఈయన సబ్బు నురగ పెట్టి క్లిప్పు కింద చీలిన హోసు పట్టుకున్నాడు. హోసు 450 రూపాయలు. మొత్తమ్మీద కోర్, పైపు, హోసు, ఆయిలు, కూలి, ఆ పదిహేను వందలు అన్నీ కలిపినా షెడ్డు వాళ్లడిగిన దాంట్లో సగం కాలేదు.

అమెరికాలో ఉన్న మిత్రులు "మా దగ్గర ఇలా ఉండదు" అనుకుంటున్నారేమో. అక్కడ నిస్సాన్ ఫ్రాంటియర్ పికప్‌కి 2001 నుంచి 2004 మోడళ్లలో బెల్టుతో తిరిగే అసలు సూపర్‌చార్జర్ వచ్చేది, ఈటన్ కంపెనీది. ఆ రకం సూపర్‌చార్జర్లు పాతబడితే స్లోలో గలగలమంటాయి. చాలాసార్లు ఆ గలగల ముందు మూతిలో ఉండే చిన్న కప్లర్ అరిగినందుకు వస్తుంది. బూస్ట్ లేకపోతే బైపాస్ వాల్వు తెరుచుకుని ఇరుక్కోవడమో, దాని వాక్యూమ్ గొట్టం చీలడమో చూడాలి. దానికి విడిగా ఆయిలుంటుందనే సంగతి ఓనర్లలో చాలామందికి తెలీదు. వాటినీ "సూపర్‌చార్జర్ పోయింది" అని మొత్తం పీకించుకునే వాళ్లున్నారు. దేశం మారినా జబ్బు అదే.

ఇహ కంప్యూటర్ పెట్టి చూశాం కదా అనేవాళ్లు. స్కానర్ పెడితే పి0299 అని కోడ్ వస్తుంది. దానర్థం బూస్ట్ ఉండాల్సిన దానికన్నా తక్కువుంది, అంతవరకే. టర్బో పోయిందని ఆ కోడ్ ఎక్కడా చెప్పదు. చీలిన హోసు కూడా అదే కోడ్ ఇస్తుంది. మనలో ఎవరైనా లాగ్‌లో టైమౌట్ కనపడగానే డేటాబేస్ సర్వర్ కొత్తది కొనమంటామా? నెట్‌వర్క్, క్వెరీ, కనెక్షన్ పూల్, ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతాం. లక్షణం వేరు, కారణం వేరు అని మనకి రోజూ తెలుసు. ఆఫీసు గేటు దాటి మన బండి దగ్గరికొచ్చేసరికి మర్చిపోతాం.

మెకానిక్ వైపు న్యాయం కూడా చెప్పాలి. చిన్న షెడ్డు వాడికి మాన్యువల్ ఎవడిస్తాడు? స్కానర్ సాఫ్ట్‌వేర్ ఎవడిస్తాడు? 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది ఈ విషయం మీదే. విడిభాగాలు, పరీక్షించే పరికరాలు బయటి మెకానిక్‌లకి దొరక్కుండా చేస్తున్నారని, ఆ దారి తెరవాలని చెప్పింది. కంపెనీలు ట్రిబ్యునల్‌కీ కోర్టులకీ వెళ్లాయి. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ "రిపేరు హక్కు" మీద కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, ఇంట్లో వాడే సామాన్లతో పాటు వాహనాలూ అందులో ఉన్నాయి. ఆ డిసెంబరు 24న పోర్టల్ కూడా పెట్టారు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే వాహనాలకి ఈ హక్కుని చట్టం చేసింది. మనకి పోర్టల్ ఉంది, అలాంటి చట్టం లేదు. ఆ తాళాలు వేసే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లలో మన తెలుగువాళ్లు ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి.

"ఇంత గొడవెందుకు, పాత బండి తుక్కుకిచ్చి కొత్తది కొనుక్కోవచ్చు కదా, పొల్యూషన్ కూడా తగ్గుతుంది" అని ఒక కొలీగ్ అన్నాడు. ఈఎంఐ కట్టే జీతం ఉన్నవాడి మాట అది. కిరాయి తోలుకునేవాడికి పాత బండి మీద అప్పు లేకపోవడమే లాభం. పొల్యూషన్ అంటారా, ఆ నల్లపొగ ఎక్కువ భాగం అందని గాలి వల్ల వచ్చేది. 450 రూపాయల హోసుతో పోయే పొగకి ఏడెనిమిది లక్షల బండి ఎందుకు?

కాబట్టి నా మనవి. ఈసారి మీ ఇంట్లోవాళ్ల బండికో, ఊళ్లో మీ మామయ్య పికప్‌కో "టర్బో పోయింది" అని ఫోనొస్తే, డబ్బులు పంపేముందు మెకానిక్‌తో మాట్లాడండి. మూడు అడగండి. ఎందుకు పోయింది? ఆయిలు ఫీడ్ పైపు, డ్రెయిన్ పైపు విప్పి చూశారా? పాత టర్బో మాకిస్తారా? ఈ మూడింటికీ జవాబు లేకపోతే బండి అక్కణ్ణుంచి తీయించండి. జవాబున్న మెకానిక్ దొరికితే వెతికినందుకు కూలి విడిగా ఇవ్వండి, బేరమాడకుండా ఇవ్వండి. మనం నెల నెలా జీతం తీసుకునేది చాలావరకు బగ్గు ఎక్కడుందో వెతికినందుకే. సరిచేసే కోడ్ చాలాసార్లు రెండు లైన్లే. మనకి న్యాయమైనది భాయ్‌కి ఎందుకు కాదు?

మా బావ బండి ఇంకా తిరుగుతోంది. ఆపేముందు రేసు చేయడం మాత్రం మానలేదు, మొన్న కూడా తిట్టాను.